సున్నా మీద మొన

తొమ్మిదో వారం

“సంతకం పెట్టు బిడ్డా. నాలుగు గొట్టకముందే గీ కాయిదం ఠాణాల ఉండాలె.”

నేతగాళ్ళ సంఘం ఆఫీసు గదిలో రామచంద్రం కలం మూత తీసి మరీ అందించాడు. బాలలక్ష్మి అందుకుంది. సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. కుడి భుజం వెనక ఉన్న కిటికీ వైపు తల తిప్పి కూర్చుంది.

కిటికీ తప్పుచోట ఉంది. వెలుతురు రాసేవాడి కుడి భుజం వెనక నుంచి వస్తోంది. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా వాళ్ళ చేతి నీడ వాళ్ళ అక్షరాల మీదే పడుతుంది. బల్లను గోడవారకు తిప్పి వేస్తే చాలు. నాలుగు రోజులుగా ఆమె తలలో ఇలాంటివే తిరుగుతున్నాయి. గది ఎంత పొడవు, కుర్చీ ఎంత ఎత్తు, సున్నం ఏ రంగు. మిగతావేవీ లోపలికి పోవడం లేదు.

నాలుగు రోజుల కింద, కరీంనగర్ నేతగాళ్ళ సంఘం కొత్తగా కట్టుకున్న అమ్మకాల హాలులో, చీరలు వేలాడదీయడానికి పైకప్పు నుంచి దింపిన టేకు చట్రం కూలింది. ప్రారంభోత్సవం ఇంకా వారం ఉంది. చట్రం కింద ఇద్దరున్నారు. సంఘంలో బట్ట మడతలు వేసే హనుమండ్లు అక్కడికక్కడే పోయాడు. మగ్గం నేసే దశరథం తలకు దెబ్బ తగిలి, స్పృహ లేకుండా దవాఖానలో పడి ఉన్నాడు. ఆ చట్రానికి నక్షా గీసింది దశరథం కూతురు బాలలక్ష్మే. హైదరాబాదు కాలేజీలో ఇంటీరియర్ డెకరేషన్ ఆఖరు సంవత్సరం చదువుతోంది. పరీక్షకు ఏదో ఒక కట్టడం లోపలి భాగమంతా సొంతంగా రూపొందించి చూపాలంటే, ఊళ్ళోని ఈ హాలునే ఎంచుకుంది. షీటు గీసి, బస్టాండులో తండ్రి చేతికిచ్చి, చట్రం చేసే వడ్లాయనకు అందించమని చెప్పి, పరీక్షలకు వెళ్ళిపోయింది. తిరిగి వచ్చింది టెలిగ్రాం అందాకే.

పదిహేను ఇనుప కడ్డీలకు వేలాడాల్సిన చట్రం పది కడ్డీలకే వేలాడింది. వడ్లాయన దగ్గర దొరికిన షీటు మీద పది అనే ఉందని ఎస్సై చదివి చెప్పాడు. కింద బాలలక్ష్మి పేరుంది.

ఇప్పుడు ఆమె ముందున్న కాగితంలో రెండే ముక్కలు. ‘నక్షాలో అంకె నేనే తప్పు రాసినాను. వడ్ల బుచ్చిరాములుకు గానీ సంఘానికి గానీ ఇందులో దోషం లేదు.’

“చూడమ్మా,” అన్నాడు పక్క కుర్చీలోని కైలాసం. ఆమెకు చదువు చెప్పే లెక్చరర్. పొద్దున బస్సుకే హైదరాబాదు నుంచి వచ్చాడు. “నువ్వు దీని మీద సంతకం పెడితే, రేపు ప్రిన్సిపాలు ముందు నీ పేరు కొట్టేయించాల్సింది నేనే. మూడేళ్ళ చదువు. తెలుసు కదా?”

“తెలుసు సార్.”

“పది అని రాశావా?”

“రాసి ఉంటాను సార్.”

“రాసి ఉంటావా? రాశావా?”

“యాదికి లేదు సార్.”

కైలాసం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇలాంటి జవాబుకు మార్కులు వేసే పద్ధతి ఆయనకు తెలియదు.

గుమ్మం పక్కన నేల మీద లస్మవ్వ కూర్చుంది. హనుమండ్లు భార్య. సుల్తానాబాద్ నుంచి రోజూ వస్తోంది, రోజూ అక్కడే కూర్చుంటోంది. కుర్చీ వేసినా ఎక్కడం లేదు.

“నాకు పేరు గావాలె,” అంది, ఎవరి వైపూ చూడకుండా. “ఇంకేం అడుగుత లేను. ఇంటికి పోతె పోరగాండ్లు అడుగుతరు, బాపును ఎవలు సంపిండ్రవ్వా అని. చట్రం సంపిందంటె ఎట్లింటరు? చట్రానికి చేతులున్నయా?”

“గదే రాపిస్తున్నం గదనే లస్మవ్వా. జర ఓపిక పట్టు,” అన్నాడు రామచంద్రం. సంఘానికి అధ్యక్షుడు. మూడేళ్ళ కింద బాలలక్ష్మి ఈ చదువులో చేరిందని విన్న రోజు, “కుర్చీ ఈడ్నుంచి ఆడికి జరుపుడు సుత సదువేనాయె? మా ఇంటామె రోజు జరుపుతది, ఆమెకు సుత పట్టా ఇప్పియ్యి దశరథం,” అని నలుగురిలో నవ్వించాడు. తర్వాత ఆమె గీసిన హాలు బొమ్మ చూసి, నవ్విన ఆ నోటితోనే, కట్టిద్దాం అన్నాడు. ఇప్పుడు ఆ ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. నాలుగింటి లోపల ఈ కాగితం తన బల్ల మీద నుంచి వెళ్ళిపోతే చాలన్నట్టున్నాడు.

బాలలక్ష్మి కలం వంచింది.

“ఆగు,” అన్నాడు కైలాసం. “ఒక్కసారి ఆ షీటు చూడు. తప్పు ఎక్కడ చేశావో చూసుకుని, ఆ తర్వాత పెట్టు. చదువు చెప్పినవాణ్ణి, ఆమాత్రం అడగొచ్చు.”

నాలుగు రోజుల్లో ఆమె దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఒక మూలన నెత్తుటి మరక ఉందని చెప్పారు. అది ఎవరిదో కూడా చెప్పారు.

రామచంద్రం సొరుగు లాగి, షీటు తీసి, ఆమె ముందు పరిచాడు.

మరక ఉంది. ఎండి గోధుమరంగుకు తిరిగింది. బాలలక్ష్మి దాన్ని చూసింది. ఏమీ అనిపించలేదు.  చట్రం బొమ్మ ముందు నుంచి చూసినట్టు ఉంది. ఒక వరుసలో ఐదు కడ్డీలు. ముందు నుంచి చూస్తే ఒక్క వరుసే కనబడుతుంది. వెనక ఎన్ని వరుసలున్నాయో చెప్పేది పక్కన రాసిన మొత్తం ఒక్కటే. పదిహేను అంటే మూడు వరుసలు. పది అంటే రెండు. బరువు మోసే నడిమి వరుస ఇక ఉండదు.

“పైనుంచి చూసే నక్షా కూడా వడ్లాయనకు ఇచ్చి ఉండాల్సింది,” అన్నాడు కైలాసం మెల్లగా. “ఒక్క బొమ్మను నమ్ముకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను!”

“అవును సార్.”

అది నిజంగా ఆమె తప్పే. దానికి సంతకం పెట్టొచ్చు.

అప్పుడు ఆమె కన్ను చట్రం మూల మీద ఆగింది. రెండు గీతలు కలిసేచోట ఆమె ఒకదాన్నొకటి కొద్దిగా దాటిస్తుంది. మూల తేటగా కనబడాలంటే అలా గీయాలని మొదటి సంవత్సరంలో నేర్పింది కైలాసం సారే. ఈ షీటులో ఒక్క గీత కూడా దాటలేదు. ప్రతి గీతా మూల దగ్గర, కత్తెరతో తెంపిన దారంలా, సరిగ్గా ఆగిపోయింది.

సిరా కింద తుడిచేసిన పెన్సిలు గళ్ళు. సన్నగా, వరసగా, షీటు నిండా.

“ఏంటి?” అన్నాడు కైలాసం.

“ఏం లేదు సార్.”

గోడకు ఆనుకుని నిలబడ్డ బుచ్చిరాములు గొంతు సవరించుకున్నాడు. ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు. వడ్లపని చేతికి అందివచ్చిన ఏడాదికే మెడ మీదికి ఇది వచ్చింది.

“పెద్దసారూ, ఇంకో ముచ్చట. చెప్తె తిడతరేమో.”

“తిట్టేటియన్ని తిట్టుడైపాయె. చెప్పు,” అన్నాడు రామచంద్రం.

“హాలు అడ్డం పదిహేను ఫీట్లు గద. నేను టేపు వట్టి కొలిసిన, పదిహేనే అచ్చింది. కాయిదంల సూస్తె గాడ సుత పదే ఉన్నది.”

“మరప్పుడే ఎందుకు చెప్పకపోతివిర?”

“ఏమని చెప్పాలె? పట్నంల సదివే పిల్ల గీసింది. వడ్లోడు తప్పు వట్టిండంటె మీరే నవ్వుదురు. గోడైతె నా కండ్ల ముంగట ఉండె, గందుకే గోడను నమ్మిన. కడ్డీలు ముంగట లేకపాయె, కాయిదాన్ని నమ్మిన.” బాలలక్ష్మి వైపు తిరిగాడు. “చెల్లె, నీ మీద నాకు కోపం లేదు. కని నేను జైలుకు పోతె మా అవ్వ ఒక్కతే.”

కైలాసం ముందుకు వంగాడు. “రెండుచోట్లా? పదిహేను రెండుచోట్లా పదయిందా? ఇది పొరపాటున చెయ్యి జారడం కాదే!”

బాలలక్ష్మి షీటును కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. హాలు అడ్డం. ఒకటి, పక్కన సున్నా. కడ్డీల మొత్తం. ఒకటి, పక్కన సున్నా.

సున్నా పూర్తిగా గుండ్రంగా లేదు. రెండింటి నెత్తి మీదా చిన్న మొన ఉంది. మొన పైకి పెట్టిన తమలపాకులా.

ఆ మొన ఆమెకు తెలుసు.

ఇంట్లో మగ్గం పక్క గోడ మీద బొగ్గుతో రాసిన అంకెలుంటాయి. ఇవాళ ఎన్ని గజాలు నేసిందీ అక్కడే రాసుకుంటాడు బాపు. ఆరేళ్ళప్పుడు తను ఆ గోడ చూసి పకపకా నవ్వింది. “బాపూ, సున్నా గజాలు నేసినవా ఇయ్యాల?” మగ్గం గుంటలోంచి బాపూ నవ్వాడు. “సున్నా గాదు బిడ్డా, పాంచ్. జర మీద మొన జూడు.”

నిజాం కాలంలో బడి అంటే ఉర్దూ బడే. దశరథం అందులో నాలుగు తరగతులు చదివాడు. అక్కడి ఐదు అచ్చం ఇక్కడి సున్నాలాగే ఉంటుంది, నెత్తిన మొన తప్ప. ఒకటీ తొమ్మిదీ రెండు బళ్ళలోనూ ఒకే తీరు. ఈ షీటు మీద ఉన్న అంకెలన్నీ ఒకట్లూ తొమ్మిదులూ ఐదులే. ఎత్తు పదకొండు, పొడవు పందొమ్మిది, అడ్డం పదిహేను. దొరికిపోయేది ఐదొక్కటే. బుచ్చిరాములు బడికి పోయేనాటికి ఆ చదువు పోయి తెలుగు బడి వచ్చింది. వాడికి అది సున్నాయే.

ఇక గళ్ళ సంగతి. పువ్వును ఒక కాగితం మీద నుంచి ఇంకో కాగితం మీదికి దించేటప్పుడు నేతగాడు ముందు గళ్ళు గీసుకుంటాడు. ఆమె తెలుగులో రాసిన మాటలన్నీ ఈ షీటులో ఉన్నాయి. కడ్డీలు, చట్రం, తన పేరు. ఒక్క వంకర కూడా తప్పలేదు. బాపుకు తెలుగు చదవడం రాదు. రాని అక్షరాలను పువ్వుల్లా చూసి, చూసినట్టే దించాడు. అవి తప్పు పోలేదు. అంకెలు మాత్రం తనకు వచ్చు. వచ్చినవి కాబట్టి చూసి దించలేదు, తన చేతితో రాశాడు.

తెలిసిన చోటే తప్పు పోయింది.

బాలలక్ష్మికి ఏడుపు రాలేదు. ఇది దుఃఖమని ఎవరో దూరం నుంచి చెబుతున్నట్టుంది, అంతే. ఆమె ఆలోచించింది ఒకే ఒక్క సంగతి. రామచంద్రం కూడా ఉర్దూ బడిలోనే చదివాడు. ఎస్సై పది అని చదివాడు కాబట్టి మళ్ళీ ఎవరూ చూడలేదు. జేబులోని కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి వంగితే చాలు.

ఆమె షీటు మీద అరచెయ్యి ఆనించింది. మొన ఉన్న చోటే.

“రెండు నేనే తప్పు రాసిన,” అంది. “పరీక్షల పరేషాన్ల ఉన్న.”

“బాలలక్ష్మీ!” అన్నాడు కైలాసం.

“నేనే సార్. ఇప్పుడు యాదికొచ్చింది.”

కలం కాగితం మీద ఆనింది. ‘బా’ రాసింది. ‘ల’ రాసింది. చేతి నీడ అక్షరాల మీద పడుతోంది. ఈ బల్లను గోడవారకు తిప్పాలి.

“బాలా! ఓ బాలా! ఏడున్నవే?”

మెట్ల మీద గబగబా అడుగులు. గుమ్మంలో తల్లి కమలవ్వ. కొంగు జారింది, రొప్పుతోంది, చంకలో పాత చీరముక్క చుట్టిన పొడుగాటి చుట్ట ఏదో ఉంది. నాలుగు రోజులుగా దవాఖాన వరండా దాటని మనిషి. హాలులో ఏం కూలిందో ఆమెకు తెలుసు గానీ, ఈ గదిలో ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు.

“మీ బాపు కండ్లు తెరిసిండే!”

బాలలక్ష్మి లేచి నిలబడింది. కలం చేతిలోనే ఉంది.

“మొదలు నీళ్ళడిగిండు. ఎంబటే, బాల అచ్చిందా అన్నడు. అచ్చిందయ్యా, ఈడ్నే ఉన్నదన్న. పెట్టెల కాయిదం పైలంగ ఉన్నదా, బిడ్డకియ్యి, పరీక్షల సూపెట్టుకోవాలె అన్నడు. గందుకే ఇంటికి ఉరికిన. ఇగో!” చుట్టను కూతురి చేతుల్లో పెట్టబోయి, అప్పుడు గుమ్మం పక్కన కూర్చున్న లస్మవ్వను చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కొంగు సర్దుకుంది. “అయ్యో చెల్లె, నిన్ను జూడకనే ఒర్రుతున్న. ఏమనుకోకు.”

“ఏమనుకుంట అక్కా,” అంది లస్మవ్వ. “నీ మనిషి బతికిండు. మంచిదే.”

“నడువ్ అవ్వా, దవాఖానకు పోదాం,” అంది బాలలక్ష్మి. “ఇప్పుడే పోదాం. నడువ్.”

“ఒక్క నిమిషం.” కైలాసం చెయ్యి చాపి చుట్ట అందుకున్నాడు. చీరముక్క విప్పి, బల్ల మీద రెండో షీటు పరిచాడు.

తెల్లగా ఉంది. మడత లేదు, మరక లేదు. గీతలు మూలల దగ్గర ఒకదాన్నొకటి కొద్దిగా దాటి ఉన్నాయి. హాలు అడ్డం పదిహేను. కడ్డీలు పదిహేను. కుండమూతి తెరిచినట్టున్న ఐదు, పైన అడ్డగీతతో సహా.

 బుచ్చిరాములు గోడను వదిలి ముందుకు వచ్చాడు.

“ఇది నీ షీటు,” అన్నాడు కైలాసం. “మరి అది?”

బాలలక్ష్మి చెయ్యి ఇంకా పాత షీటు మీదే ఉంది.

“అరె, గిది సుత ఈడ్నే ఉన్నదా!” కమలవ్వ కూతురి చెయ్యిని తేలిగ్గా పక్కకు జరిపి, షీటును రెండు చేతులా ఎత్తి చూపింది. అద్దకాల బట్ట చూపినట్టు. “సూసిండ్రా సారూ? బిడ్డ గీసింది వడ్లాయన చేతుల వడితె మడ్డి అయితది, పరీక్షకు పనికి రాదని, అట్లనే ఇంకోటి దించిండు. రెండు దినాలు మగ్గంల దిగలేదు. అన్నం తినమంటె, ఆగే, కొస తప్పుతది అన్నడు. తెలుగు ఒక్క అక్షరం రాదు ఆ మనిషికి. కని సూడుండ్రి, ఒక్క గీత తప్పు పోయిందేమో!”

రామచంద్రం జేబులోంచి కళ్ళజోడు తీశాడు. పెట్టుకున్నాడు. వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“పాంచ్,” అన్నాడు. గొంతులోనే అన్నాడు. కళ్ళజోడు తీసేశాడు గానీ జేబులో పెట్టుకోవడం మరిచిపోయాడు.

“ఏందన్నా?” అంది కమలవ్వ.

“ఏం లేదు చెల్లె. నువ్వు పో. బిడ్డను తీస్కొని దవాఖానకు పో.”

“పోవద్దు.”

లస్మవ్వ లేచి నిలబడింది. నాలుగు రోజుల్లో మొదటిసారి. ఆమెకు అంకెలు తెలియవు, గళ్ళు తెలియవు. కానీ అధ్యక్షుడి ముఖం ఎలా మారిందో చూసింది.

“అక్కా, గా కాయిదం ఎవలు రాసిండ్రు?”

“చెప్తినిగద చెల్లె. బాలోళ్ళ బాపు.”

“అట్ల గాదు. పేరు చెప్పు. నాలుగు దినాల సంది నేను పేరే అడుగుతున్న.”

కమలవ్వ బిత్తరపోయి, కొంచెం నవ్వింది. “నేనెట్ల జెప్త? ఇంటాయన పేరు ఆడిది నోట తీస్తదా? నీకు తెల్వదా ఏంది? అన్నా, నువ్వు చెప్పరాదు.”

రామచంద్రం కిటికీ వైపు చూశాడు. కైలాసం తల దించుకున్నాడు. 

“చెప్పకు అవ్వా,” అంది బాలలక్ష్మి.

“ఎందుకే?”

  గదిలో వెలుతురు జరిగి, సగం రాసిన సంతకం మీద పడింది. ‘బాల’. అంతవరకే. నాలుగుకు ఇంకా పది నిమిషాలున్నాయి.

కమలవ్వ లస్మవ్వ ముఖంలోకి చూసింది. బొట్టు లేని నుదురు. ఈ మనిషి భర్త పోయాడు, తన భర్త బతికాడు. అడుగుతున్నది ఒక్క మాట. ఏ నోటితో కాదనాలి?

“మంచి పని జేసినోని పేరు చెప్ప సిగ్గెందుకే బిడ్డా,” అంది కూతురితో. “ఒక్కసారి చెప్తె నాలిక తెగిపోదు.”

ఇరవై మూడేళ్ళ కాపురంలో పెదవి దాటని మాట అది. పెళ్ళిలో ఆడవాళ్ళు చుట్టూ చేరి చెప్పమని చెప్పమని ఏడిపించినప్పుడు కూడా చెప్పలేదు. కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికూతురిలా తల వంచుకుంది. షీటును గుండెకు ఆనించుకుని, లస్మవ్వ చెవినే పడేలా చెప్పబోయింది గానీ, సంతోషం వల్ల గొంతు గదంతా వినబడేంత పైకి లేచింది.

“దశరథం.”